ఊపిరి బిగబట్టకూడని ఈత: లోతు తక్కువ పగడపు దిబ్బల్లో తొలి డైవ్

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈత వచ్చినవారిలో ఎక్కువమంది దాన్ని ఊరి చెరువులోనో, నేలబావిలోనో, నాగావళి, వంశధార, చంపావతి నదుల్లోనో నేర్చుకున్నవారే. ఆ ఈతలో మునక అంటే ఊపిరి బిగబట్టడమే. గుండెల నిండా గాలి పీల్చి మునగడం, అడుగునున్న మట్టి పిడికెడు తెచ్చి చూపించడం, ఎవరు ఎక్కువసేపు నీళ్ళలో ఉండగలరో పందెం కాయడం ఇక్కడి పిల్లలకు తరతరాలుగా అలవాటైన ఆటలు. స్కూబా డైవింగ్‌కు దిగే వ్యక్తి మొట్టమొదట వదులుకోవలసింది ఈ అలవాటునే. వీపున గాలి సిలిండరు ఉన్నంతసేపూ శ్వాస ఆగకూడదన్నది ఆ విద్యలో అన్నిటికంటే ముందు చెప్పే నియమం, కంగారులో అన్నిటికంటే ముందు మరచిపోయే నియమం కూడా. లోతు తక్కువైన పగడపు దిబ్బ దగ్గర డైవ్ అంటే ప్రమాదం ఉండదనీ, ఈత వచ్చినవారు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదనీ చాలామంది అనుకుంటారు. ఈ రెండు అభిప్రాయాలూ నిలిచేవి కావు. శ్వాస మీద అదుపు డైవర్ ప్రాణాన్నే కాదు, అతని కింద బతుకుతున్న పగడాన్ని కూడా కాపాడుతుంది. ఆ సంబంధం ఎలా ఏర్పడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సముద్రమట్టం వద్ద మన శరీరంపై ఒక వాతావరణం మేర పీడనం ఉంటుంది. సముద్రపు నీటిలో దిగేకొద్దీ ప్రతి 10 మీటర్లకు మరొక వాతావరణం చొప్పున అది పెరుగుతుంది. పీడనం పెరిగిన నిష్పత్తిలోనే వాయువు ఘనపరిమాణం తగ్గుతుందన్న బాయిల్ సూత్రం పాఠశాలలో అందరూ చదువుకున్నదే. దాని ప్రకారం ఉపరితలం వద్ద ఆరు లీటర్లున్న గాలి 10 మీటర్ల లోతున మూడు లీటర్లకు, 20 మీటర్ల లోతున రెండు లీటర్లకు, 30 మీటర్ల లోతున లీటరున్నరకు తగ్గుతుంది. ఈ అంకెల్లో గమనించవలసిన విషయం ఒకటుంది. మొదటి 10 మీటర్లలోనే గాలి సగానికి కుంచించుకుపోయింది. ఆ తర్వాతి 20 మీటర్లలో కలిపి తగ్గింది లీటరున్నర మాత్రమే. అంటే లోతులో వచ్చే చిన్న మార్పు శరీరంలోని గాలి మీద అత్యధిక ప్రభావం చూపేది నీటి పైపొరలో, కొత్తవారిని సాధారణంగా తీసుకువెళ్ళే ఆ మొదటి పది మీటర్లలోనే. లోతు తక్కువైతే ఎక్కువసేపు గాలి అందుతుంది, వెలుతురు ఉంటుంది, అవసరమైతే ఉపరితలం దగ్గరలోనే ఉంటుంది. అంతవరకు నిజం. పీడనం విషయంలో మాత్రం అది తేలికైన చోటు కాదు.

చెరువులో మునిగే మనిషి ఒడ్డున పీల్చిన గాలితోనే లోపలికి వెళతాడు. దిగుతున్నప్పుడు అతని ఊపిరితిత్తులు కుంచించుకుంటాయి, పైకి వస్తున్నప్పుడు తిరిగి మొదటి పరిమాణానికి చేరతాయి. అంతకు మించి పెరిగే అవకాశం లేదు. కాబట్టి అతను ఊపిరి బిగబట్టినా ఊపిరితిత్తులకు హాని లేదు. స్కూబా పరిస్థితి వేరు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన ఆక్వాలంగ్‌తో ఆచరణలోకి వచ్చిన రెగ్యులేటర్, సిలిండరులో సుమారు 200 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణం) పీడనంతో నిండివున్న గాలిని డైవర్ ఉన్న లోతులోని పీడనానికి సరిగ్గా దించి, అతను పీల్చినప్పుడు మాత్రమే నోటికి అందిస్తుంది. అందువల్ల 10 మీటర్ల లోతున కూడా అతని ఊపిరితిత్తులు పూర్తిగా, ఆరు లీటర్ల మేర నిండుతాయి. ఆ ఆరు లీటర్లను బిగబట్టి ఉపరితలానికి వస్తే అవి పన్నెండు లీటర్లు కావడానికి ప్రయత్నిస్తాయి. మూడు మీటర్ల నుంచి వచ్చినా దాదాపు ఎనిమిది లీటర్లవుతాయి. ఛాతీలో అంత చోటు లేదు. ఊపిరితిత్తుల సన్నని గోడలు చిట్లి, గాలి బుడగలు రక్తంలోకి చేరి, అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే ధమనుల్లో అడ్డుపడితే పక్షవాతం, స్పృహ తప్పడం, మరణం కూడా సంభవించవచ్చు. నిండు ఊపిరితో ఒకటిన్నర మీటరు లోతు నుంచి పైకి వచ్చినా ఈ గాయం కలగవచ్చు. ఈతకొలనులోనే శిక్షణ మొదలయ్యే చోట కూడా ఈ నియమాన్ని అంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఇదే.

భయపడిన మనిషి సహజంగా చేసే పని ఊపిరి బిగించి పైకి దూసుకుపోవడం. చెరువులో ఏళ్ళ తరబడి ఈదినవారిలో ఈ స్పందన మరీ బలంగా పాతుకుని ఉంటుంది. మాస్కులోకి కొద్దిగా నీరు చేరినా, ఎదుటివారి కాలు తగిలి రెగ్యులేటర్ నోటి నుంచి జారినా, శరీరం తనకు తెలిసిన పాత పద్ధతికే పోతుంది. ఈత బాగా వచ్చినవారికి నీటి భయం ఉండదు, అది పెద్ద మేలు. కానీ శిక్షకుడు చెప్పే మాట శ్రద్ధగా వినే విషయంలో ఈత రానివారు చాలాసార్లు ముందుంటారు. అందుకే ప్రాథమిక శిక్షణలో మాస్కులోకి కావాలనే నీరు నింపి, తల కాస్త పైకెత్తి ముక్కుతో గాలి వదులుతూ ఆ నీటిని బయటకు పంపడం, రెగ్యులేటర్‌ను తీసి తిరిగి పెట్టుకోవడం పదే పదే చేయిస్తారు. రెగ్యులేటర్ నోట్లో లేని ఆ కొద్ది క్షణాల్లో కూడా పెదవుల మధ్య నుంచి సన్నగా బుడగలు వదులుతూ ఉండాలని నేర్పుతారు. ఈ అభ్యాసాల ఉద్దేశం నైపుణ్యం కంటే, పాత స్పందన స్థానంలో కొత్తదాన్ని నాటడం.

ఇక్కడే మరొక హెచ్చరిక అవసరం. ఎక్కువసేపు మునగడానికి ముందు గబగబా పదిపదిహేను సార్లు గాలి పీల్చి వదలడం మన చెరువుల దగ్గర కూడా కనిపిస్తుంది. దీనివల్ల రక్తంలో ఆక్సిజన్ చెప్పుకోదగినంత పెరగదు. బొగ్గుపులుసు వాయువు మాత్రం తగ్గిపోతుంది. ఊపిరి పీల్చాలన్న తహతహను పుట్టించేది ఆ వాయువే కనుక, తహతహ కలగకముందే ఆక్సిజన్ అడుగంటి మనిషి నీటిలోనే స్పృహ కోల్పోవచ్చు. ఈత బాగా వచ్చిన యువకులు లోతులేని నీటిలో చనిపోయే సందర్భాల వెనుక ఈ కారణం ఉండవచ్చు. స్కూబా పరికరాలు లేకుండా, నీటి పైన తెరిచి ఉండే శ్వాస గొట్టమైన స్నార్కెల్‌తో పగడాల మీద ఈదేవారికి కూడా ఇది వర్తిస్తుంది.

ఊపిరితిత్తుల తర్వాత పీడనం ప్రభావం తెలిసేది చెవుల్లో, నిజానికి అన్నిటికంటే ముందు నొప్పి తెలిసేది అక్కడే. కర్ణభేరి వెనుకనున్న గాలి అరను గొంతుతో కలిపే సన్నని నాళం ద్వారా లోపలికి గాలి పంపితే తప్ప, దిగేకొద్దీ కర్ణభేరి లోపలికి నొక్కుకుపోతుంది. ముక్కు రంధ్రాలను వేళ్ళతో మూసి మెల్లగా ముక్కులోకి ఊదడం, లేదా ముక్కు మూసి గుటక వేయడం ఇందుకు ఉపాయం. దీన్ని నొప్పి మొదలైన తర్వాత కాకుండా, తల నీటిలో మునిగిన క్షణం నుంచి ప్రతి అరమీటరుకు, మీటరుకు చేస్తూ దిగాలి. ఒకసారి నొప్పి వచ్చిందంటే నాళం ముడుచుకుపోయి గాలిని రానివ్వదు; అప్పుడు గట్టిగా ఊదితే కర్ణభేరి దెబ్బతింటుంది. చేయవలసినదల్లా ఒకటి రెండు మీటర్లు పైకి వచ్చి తిరిగి ప్రయత్నించడమే. జలుబుతో ఉన్నవారు డైవ్ మానుకోవాలి. టిక్కెట్టు కొన్నాం కదా అని మాత్ర వేసుకుని దిగితే, మాత్ర ప్రభావం నీటి అడుగున తగ్గిపోయి, పైకి వచ్చేటప్పుడు గాలి లోపల చిక్కుకుపోయే ప్రమాదం ఉంది.

శ్వాస ఆగకూడదు అన్నంత మాత్రాన వేగంగా పీల్చమని కాదు. సాధారణంగా వాడే అల్యూమినియం సిలిండరు లోపలి పరిమాణం సుమారు 11 లీటర్లు. 200 బార్‌కు నింపితే అందులో 2200 లీటర్ల గాలి ఉంటుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తికి 10 మీటర్ల లోతున పీడనం రెట్టింపు కాబట్టి 40 లీటర్లు ఖర్చవుతాయి. 50 బార్ గాలిని నిల్వగా ఉంచి పైకి రావాలన్న నియమం పాటిస్తే అతనికి దాదాపు 40 నిమిషాలు దొరుకుతాయి. కంగారులో నిమిషానికి 30 లీటర్లు పీల్చేవారికి అదే సిలిండరు అరగంట లోపే అయిపోతుంది. అంతకంటే ముఖ్యం, పైపైన గబగబా పీల్చే ఊపిరి బొగ్గుపులుసు వాయువును పూర్తిగా బయటికి పంపదు. అది పేరుకుంటే ఆయాసం పెరుగుతుంది, ఆయాసం భయాన్ని పెంచుతుంది, భయం ఊపిరిని ఇంకా పొట్టిచేస్తుంది. దీన్ని తెంచే మార్గం బుడగలన్నీ పోయేదాకా నిదానంగా, పొడవుగా గాలి వదలడం. ప్రాణాయామం అభ్యసించినవారికి ఈ దీర్ఘ నిశ్వాసం తేలికగా పట్టుబడుతుంది, అయితే అందులోని కుంభకాన్ని, అంటే ఊపిరి నిలపడాన్ని, మాత్రం ఒడ్డునే వదిలి రావాలి.

ఇప్పుడు తేలుడు సంగతి. డైవర్ నేర్చుకోవలసినవాటిలో అత్యంత కష్టమైనదీ, అత్యంత అందమైనదీ ఇదే. సీసం బరువులు కిందికి లాగుతాయి, గాలి నింపే జాకెట్ పైకి లేపుతుంది; ఈ రెండింటి నడుమ పైకీ పోక, కిందికీ జారక నీటి మధ్యలో నిలిచే స్థితి సాధించాలి. ఆ స్థితికి దగ్గరగా వచ్చాక మిగిలిన సర్దుబాటు అంతా ఊపిరితోనే. సముద్రపు నీటిలో ఒక లీటరు స్థలం అదనంగా ఆక్రమిస్తే కిలోకు కాస్త ఎక్కువ బరువును పైకి లేపేంత బలం వస్తుంది. నిండుగా పీలిస్తే రెండు మూడు సెకన్ల తర్వాత శరీరం మెల్లగా లేస్తుంది, పూర్తిగా వదిలితే అంతే ఆలస్యంతో దిగుతుంది. ఆ ఆలస్యాన్ని ఓపికగా గమనించలేని కొత్తవారు జాకెట్‌లోకి గాలి కొట్టడం, మరుక్షణం వదిలేయడం, చేతులతో నీటిని తోయడం చేస్తారు. లోతు తక్కువ నీటిలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఒక మీటరు పైకి లేచినా జాకెట్‌లోని గాలి గణనీయంగా వ్యాకోచించి మరింత పైకి లాగుతుంది. 20 మీటర్ల లోతున స్థిరంగా నిలవగల వ్యక్తి ఐదు మీటర్ల వద్ద తడబడటం అనుభవజ్ఞులకు కూడా తెలిసినదే. తొలి డైవ్‌లో శిక్షకుడు వెనక నుంచి సిలిండరును పట్టుకుని ఉండటానికి ఇదే కారణం, ఆ చేయి వదలమని పట్టుబట్టకపోవడమే మంచిది.

నీటి మధ్యలో నిలవలేని డైవర్ చివరికి ఎక్కడో ఒకచోట ఆనుకుంటాడు. ఇసుక మీద ఆనుకుంటే పెద్ద నష్టం లేదు, పగడం మీద ఆనుకుంటే మాత్రం అది ఒక ప్రాణి మీద నిలబడటమే. రాయిలా కనిపించే పగడం పైపొరలో వేలాది చిన్న చిన్న జీవులు సహజీవనం చేస్తుంటాయి. ఒక్కొక్క జీవి తన చుట్టూ సున్నపు గూడు కట్టుకుంటుంది. దాని కణజాలంలో నివసించే శైవలాలు (నాచు వంటి సూక్ష్మ జీవులు) సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, పగడానికి కావలసిన శక్తిలో అత్యధిక భాగాన్ని, అనుకూల పరిస్థితుల్లో 90 శాతం వరకు, సమకూర్చుతాయి. దిబ్బలు వెలుతురున్న లోతు తక్కువ నీటిలోనే వర్ధిల్లడానికి కారణం ఈ పొత్తే. గుండ్రటి బండల్లా పెరిగే జాతులు చాలావరకు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా మాత్రమే పెరుగుతాయి. కొమ్మల్లా పెరిగే జాతులు ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు పెరగగలవు, కానీ ఒక్క తాకిడికే విరుగుతాయి. కాళ్ళకు తొడుక్కునే ఫిన్ (ఈత రెక్క) అంచు తగిలి విరిగిన కొమ్మకు కొన్నేళ్ళు, మోకాలి కింద నలిగిన బండకు ఒక తరం కాలం పట్టవచ్చు. ఫిన్ల తాకిడికి లేచిన ఇసుక కూడా హానికరమే. అది పగడం మీద పడి వెలుతురును అడ్డుకుంటుంది, దాన్ని తోసేయడానికి ఆ జీవి తన శక్తిని ఖర్చు చేయవలసి వస్తుంది. కొత్తవారికి అనువైన దిబ్బలు ఎప్పుడూ లోతు తక్కువవే, రోజూ ఎక్కువమంది వచ్చేవి కూడా అవే. నేర్చుకునేవారి తడబాటు భారమంతా ఆ కొద్ది దిబ్బల మీదే పడుతుంది. కాబట్టి తొలి తేలుడు పాఠాలను ఈతకొలనులోనో, ఇసుక అడుగున్న చోటనో ముగించి, ఆ తర్వాతే దిబ్బ దగ్గరికి తీసుకువెళ్ళే శిక్షణ సంస్థను ఎంచుకోవడం న్యాయం.

ఇంత పొడవైన తీరమున్న శ్రీకాకుళం జిల్లాలో పగడపు దిబ్బ ఎందుకు లేదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రం వెచ్చనిదే. దిబ్బ కట్టే పగడాలకు అనువైన 23 నుంచి 29 డిగ్రీల ఉష్ణోగ్రత ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం దొరుకుతుంది. లేనిది నీటి స్వచ్ఛత, స్థిరమైన ఉప్పదనం, గట్టి అడుగు. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి, ఇంకా ఉత్తరాన మహేంద్రతనయ, బాహుదా వర్షాకాలంలో ఎర్రటి ఒండ్రు నీటిని సముద్రంలో కలుపుతాయి. అంతకంటే పెద్ద ప్రభావం దూరం నుంచి వస్తుంది. గంగా, బ్రహ్మపుత్ర, మహానదుల వరద నీరు వర్షాకాలం ముగిసే సమయానికి తీరం వెంబడి దక్షిణంగా సాగే ప్రవాహంలో కొట్టుకువచ్చి, ఉత్తరాంధ్ర తీరపు పైనీటి ఉప్పదనాన్ని బాగా తగ్గిస్తుంది. కిలో నీటికి సుమారు 32 గ్రాముల కంటే ఎక్కువ ఉప్పు కోరుకునే పగడాలకు ఇది ఓర్చుకోలేని మార్పు. పైగా అడుగు చాలా మేరకు కదిలే ఇసుక, దాని మీద ఎడతెగని కెరటాలు. రాళ్ళున్న చోట్ల చెదురుమదురుగా కొన్ని పగడ జాతులు కనిపించినా, అవి దిబ్బగా ఎదిగే పరిస్థితి లేదు. మన చేపల వేటకు ఇంత బలమైన పోషకాలను ఇచ్చేది కూడా ఈ మసక నీరే కనుక, దీన్ని లోటుగా భావించనక్కరలేదు.

దేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. ఉత్తరాంధ్ర ప్రజలకు వీటిలో అండమాన్ దగ్గరి చుట్టరికం ఉన్న చోటు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు; వారిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లోనే ఉన్నాయి. విశాఖ రేవు నుంచి ఓడలో వెళ్ళి అక్కడ స్థిరపడిన మత్స్యకారుల, కూలీల, చిరువ్యాపారుల చరిత్ర ఇంకా తగినంతగా రాయబడలేదు. 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో, షహీద్ ద్వీప్‌గా మారిన నీల్‌లో కొత్తవారికి అనువైన డైవింగ్ స్థలాలున్నాయి. స్వరాజ్ ద్వీప్‌లోని నీమో రీఫ్ వంటి చోట్ల పడవ అవసరం లేకుండా ఒడ్డు నుంచే నడిచి లోతులోకి దిగవచ్చు. అడుగు క్రమంగా వాలుతుంది, మధ్యలో శిక్షణకు వీలైన ఇసుక మేరలున్నాయి. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) సమీపంలోని వండూర్ దగ్గర 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో స్నార్కెల్‌తోనో, అద్దాల అడుగున్న పడవలోంచో దిబ్బలను చూడవచ్చు. మన తీరాన్ని తాకే శరదృతువు తుపానుల్లో కొన్ని అండమాన్ సముద్రంలోనే పుడతాయి. 2014 అక్టోబరులో విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ అంతకు నాలుగు రోజుల ముందు ఆ దీవులను దాటే వచ్చింది. అందుచేత కొత్తవారు జనవరి నుంచి ఏప్రిల్ వరకు ప్రశాంతంగా ఉండే నెలలను ఎంచుకోవడం మేలు.

నీటి అడుగున కళ్ళకు కనిపించేదానిలో కొన్ని సవరణలు చేసుకోవాలి. మాస్కు అద్దం వెనుకనున్న గాలి వల్ల నాలుగు మీటర్ల దూరం మూడు మీటర్లలా, వస్తువులు మూడోవంతు పెద్దవిగా కనిపిస్తాయి. ఎరుపు రంగు మొదటి ఐదు మీటర్లలోనే చాలావరకు నీటిలో ఇంకిపోతుంది కాబట్టి, పత్రికల్లో చూసే రంగురంగుల చిత్రాలు దీపం వెలుగులో తీసినవని తెలిసినవారికి నిరాశ కలగదు. లోతు తక్కువ దిబ్బ గొప్పతనం ఇక్కడ కూడా ఉంది; మూడు నాలుగు మీటర్ల వద్ద ఎండ వెలుగే రంగులను చాలామేరకు చూపిస్తుంది. పగడాన్ని కొరికి సున్నపు పొడిని ఇసుకగా విసర్జించే చిలుక చేపలు, పూలలా కనిపించే సముద్ర జీవుల (ఎనిమోన్ల) మధ్య తలదాచుకునే నారింజరంగు చిన్న చేపలు, పెదవులు నీలంగా మెరిసే పెద్ద ఆల్చిప్పలు ఆ లోతులోనే కనిపిస్తాయి. ప్రపంచ సముద్రాల అడుగులో ఒక శాతం కంటే తక్కువ ఆక్రమించే దిబ్బలు సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగోవంతుకు ఆశ్రయమిస్తాయన్న అంచనా, ఒక్క అరగంట గడిపినవారికి అతిశయోక్తిగా అనిపించదు.

అదే లోతు తక్కువ నీరు వేడెక్కినప్పుడు మొదట దెబ్బతింటుంది. వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ వేడి కొన్ని వారాలు కొనసాగితే, పగడం తనలోని శైవలాలను బయటికి తోసేసి తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, తగ్గకపోతే ఆకలితో చనిపోతుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో అండమాన్ దిబ్బలు ఇలా తెల్లబడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నట్టు 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 2004 డిసెంబరు భూకంపంలో ఉత్తర అండమాన్ నేల పైకి లేచి, కొన్ని దిబ్బలు నీటి మట్టానికి పైన ఎండిపోయాయి. ఇంతటి ఒత్తిడిలో ఉన్న జీవికి యాత్రికుడు చేసే హాని చిన్నదే కావచ్చు, కానీ పూర్తిగా నివారించగలిగింది అదొక్కటే. చేతులు ఛాతీ దగ్గర కట్టుకోవడం, వేలాడే గొట్టాలను జాకెట్‌కు తగిలించడం, పగడాలకు హానికరమని భావించే ఆక్సిబెంజోన్ రసాయనం ఉన్న సన్‌స్క్రీన్‌కు బదులు పొడవు చేతుల చొక్కా వేసుకోవడం ఏ నైపుణ్యమూ అవసరం లేని పనులు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దిబ్బ కట్టే పగడాలన్నీ ఉన్నాయి. ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్కను సంచిలో వేసుకోవడం కూడా నేరమే, విమానాశ్రయంలో తనిఖీ ఉంటుంది.

శిక్షణ లేకుండా చేయించే పరిచయ డైవ్‌కూ, ధ్రువపత్రం ఇచ్చే కోర్సుకూ తేడా తెలుసుకోవాలి. అంతర్జాతీయ సంస్థల నియమాల్లో పరిచయ డైవ్‌కు సాధారణంగా పదేళ్ళ వయసు ఉండాలి, లోతు 12 మీటర్లు దాటకూడదు, శిక్షకుడు పక్కనే ఉండాలి. ధ్రువపత్రమిచ్చే తొలి కోర్సైన ఓపెన్ వాటర్ మూడు నాలుగు రోజులు పడుతుంది. అందులో ఉత్తీర్ణులైన పెద్దలు తోటి డైవర్‌తో కలిసి 18 మీటర్ల వరకు దిగవచ్చు. పరిచయ డైవ్‌కు ఈత తప్పనిసరి కాదు. ఎక్కడైనా ముందుగా నింపించే ఆరోగ్య పత్రాన్ని నిజాయితీగా నింపడం అన్నిటికంటే ముఖ్యం. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు, చెవి శస్త్రచికిత్స, గర్భం వంటివి దాచిపెట్టి దిగితే నష్టపోయేది ఆ వ్యక్తే. ఒక శిక్షకుడు ఒకేసారి ఎంతమందిని తీసుకువెళుతున్నాడో, పడవలో ప్రాణవాయువు సిలిండరు ఉందో లేదో, శిక్షకుడు అర్థమయ్యే భాషలో చెబుతాడో లేదో అడగడానికి మొహమాటపడకూడదు. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. హిందీగానీ ఇంగ్లీషుగానీ సరిగా అర్థంకాని మనిషి తల ఊపుతూ నీటిలోకి దిగడం ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద ప్రమాదాల్లో ఒకటి. తెలుగు వచ్చిన శిక్షకుణ్ణి కోరడం అండమాన్‌లో అసాధ్యమైన కోరిక ఏమీ కాదు. సైగల్లో ఒకటి తప్పక గుర్తుండాలి: బొటనవేలు పైకి చూపితే నీటి అడుగున దాని అర్థం పైకి పోదామని. బాగున్నానని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

మన తీరంలోనే డైవ్ చేయాలనుకునేవారికి విశాఖ రుషికొండ పరిసరాల్లో రాతి అడుగున్న చోట్లున్నాయి. విజయనగరం జిల్లా చింతపల్లి దగ్గర పూర్వం ఓడలకు ముప్పుగా ఉండి దీపస్తంభం కట్టించిన రాళ్ళున్నాయి. శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర 1917లో నిప్పంటుకుని మునిగిన చిల్కా ఓడ శిథిలం ఉంది. అయితే ఇవి పగడపు దిబ్బలకు ప్రత్యామ్నాయం కావు. నీరు మసకగా ఉండే రోజులు ఎక్కువ, కెరటాల మధ్య నుంచి వెళ్ళి రావడం శ్రమతో కూడినది, రాళ్ళకూ ఇనుముకూ చిక్కుకున్న పాత వలలు డైవర్‌ను బంధించగలవు. అందువల్ల వీటిని కొంత అనుభవం వచ్చాక, స్థానిక నీటి గుణం తెలిసినవారితో చేయవలసిన డైవ్‌లుగా చూడాలి. అలలు, పోటుపాట్లు, గాలి మళ్ళే వేళలు పుట్టుకతో తెలిసిన వాడబలిజ, జాలరి కుటుంబాల యువత ఈ రంగంలో పడవ నడిపేవారిగా మాత్రమే మిగిలిపోకుండా శిక్షకులుగా ఎదిగే ఏర్పాటు జరిగితే, అది భద్రతకూ మంచిది, వలసలతో నలిగిన ఆ ఊళ్ళకూ మంచిది.

డైవ్ పూర్తయ్యాక మిగిలే విషయం నత్రజని. పీడనంలో పీల్చిన గాలి నుంచి కొంత నత్రజని కణజాలంలో కరుగుతుంది. నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించని వేగంతో పైకి రావడం, ఐదు మీటర్ల వద్ద మూడు నిమిషాలు ఆగడం దాన్ని నిదానంగా బయటికి పంపడానికే. లోతు తక్కువ డైవ్‌లో ఇది కొద్దిగానే చేరుతుంది, కానీ ఉపరితలానికి వచ్చాక కూడా చాలా గంటలు శరీరంలో ఉంటుంది. ఆ స్థితిలో పీడనం ఇంకా తగ్గే ఎత్తుకు వెళితే బుడగలు కట్టవచ్చు. ఒక్క డైవ్ చేసినవారు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేసినవారు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది అంగీకృత సూచన. అండమాన్ యాత్రలో డైవ్‌ను మొదటి రోజుల్లో పెట్టుకుని, తిరుగు ప్రయాణానికి ముందు రోజును నేల మీద తిరగడానికి ఉంచుకోవాలి. ఈ సూచన విమానానికే పరిమితం కాదు. 600 మీటర్లకు పైబడిన ఎత్తులన్నిటికీ వర్తిస్తుంది. విశాఖ వైపు వచ్చే యాత్రికులు ఉదయం రుషికొండలో డైవ్, మధ్యాహ్నం అరకు అని ప్రణాళిక వేసుకోవడానికి అవకాశముంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, దారిలోని ఘాట్ ఇంకా ఎత్తు. అలాంటివారు అరకు ముందు చూసి, డైవ్‌ను ఆ తర్వాతి రోజుకు పెట్టుకోవాలి.